గోలీగా నిలబడే పన్నెండేళ్ళ పాపకు పాత హాకీ కిట్: ఏది వాడొచ్చు, ఏది వద్దు

తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరుండేది గుణుపురం. పాపకు 12 ఏళ్ళు. స్కూల్ హాకీ టీమ్‌లో గోల్‌కీపర్‌గా తీసుకున్నారు. స్కూల్లో ఉన్న కిట్ పాతది, పెద్ద క్లాసుల పిల్లలు వాడినది. కొత్తది మొత్తం కొనడం ఇప్పుడు మీవల్ల కాదు. టొరంటోలో ఉండే మీ మరిదిగారు వాళ్ళబ్బాయికి చిన్నదైపోయిన ఐస్ హాకీ (మంచు మీద స్కేట్లతో ఆడేది) హెల్మెట్, దాంతోపాటు మెడకు చుట్టుకునే పట్టీ పంపించారు. "ఇవి వాడొచ్చా? పాత కిట్ బాగుందో లేదో ఇంట్లో ఎలా చూసుకోవాలి? కాస్త పెద్ద సైజైతే రెండేళ్ళు వస్తుంది కదా?" అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. హెల్మెట్, త్రోట్ గార్డ్ (గొంతుకు కట్టేది), కిక్కర్లు (బూట్ల మీద కట్టుకునే ఫోమ్ తొడుగులు), పెల్విక్ గార్డ్ (పొత్తికడుపు కింద, తొడల మధ్య వేసేది) ఈ నాలుగూ ఈ రోజు పాప ఒంటికి ఎంత కావాలో అంతే ఉండాలి. వీటిలో "పెరిగాక సరిపోతుంది" అనే లెక్క వద్దు. కాళ్ళ ప్యాడ్లు, చెస్ట్ గార్డ్, చేతుల గార్డులు పాతవైనా ఫోమ్ బాగుంటే వాడుకోవచ్చు. టొరంటో హెల్మెట్ గోల్‌లో పెట్టుకోనివ్వకండి. ఆ మెడ పట్టీ కూడా త్రోట్ గార్డ్‌కు బదులు పనికిరాదు.

నేను పర్లాకిమిడి దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. చదువుకునే రోజుల్లో నేనూ గోల్‌లోనే నిలబడేదాన్ని. అప్పట్లో మాకు కిట్ అంటే ఒక జత క్రికెట్ ప్యాడ్లు, కుట్లు ఊడిన గ్లవ్స్. క్రికెట్ ప్యాడ్ మోకాలిని, పిక్కను కాస్తుంది గానీ పాదం మీద ఏమీ ఉండదు. గోలీ బంతిని ఆపేదే పాదంతో. నా కుడికాలి బొటనవేలి గోరు రెండుసార్లు నల్లబడి ఊడిపోయింది. ఇంట్లో చెప్తే ఆట మానిపిస్తారని మేజోళ్ళు విప్పకుండా తిరిగేదాన్ని. ఇప్పటికీ మన వైపు కొన్ని స్కూళ్ళలో క్రికెట్ ప్యాడ్లు కట్టి గోల్‌లో నిలబెడుతున్నారు. మీ పాపకు అలా ఇస్తే వద్దని గట్టిగా చెప్పండి, మొహమాటపడొద్దు.

హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది. క్రికెట్ బంతి బరువూ ఇంచుమించు అంతే. అయితే బ్యాటింగ్ చేసేవాళ్ళు బంతిని తప్పించుకోవచ్చు, గోలీ దానికి ఎదురెళ్ళాలి. ఇంకో సంగతి కూడా ఉంది. భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనో, రూర్కెలా బిర్సా ముండా స్టేడియంలోనో ఉండే టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని జారుతూ వస్తుంది. మన గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు పిల్లలు ఆడేది మొరం నేల మీద. చిన్న రాయి తగిలినా పాదం దగ్గరికి రావాల్సిన బంతి గడ్డం దగ్గరికి లేస్తుంది. టీవీలో చూసే పెద్ద గోలీల కంటే మన పిల్లలకే ముఖం, గొంతు, ఛాతీ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి.

టొరంటో హెల్మెట్ ఎందుకు వద్దంటున్నానంటే

ఐస్ హాకీలో హెల్మెట్లు రెండు రకాలు. గోలీ కాకుండా మిగతా ఆడే పిల్లలది ఒకటి, గోలీది ఇంకొకటి. ఆడేవాళ్ళ హెల్మెట్‌లో ప్లాస్టిక్ డొప్ప తల వరకే ఉంటుంది. ఇనప జాలీని నుదుటి దగ్గర స్క్రూలతో బిగించి, పక్కన బటన్ పట్టీలతో ఆపుతారు. జాలీని పైకి ఎత్తొచ్చు. గోలీ మాస్క్‌లో డొప్ప చెంపలు, దవడ చుట్టూ కూడా వచ్చి, మధ్యలో జాలీ బిగించి ఉంటుంది. ఈ రెండింటినీ పరీక్షించే ప్రమాణాలు కూడా వేరువేరు. మొదటి రకం అనుకోకుండా తగిలే పక్‌ను (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ), స్టిక్‌ను, పడినప్పుడు మంచుకు కొట్టుకునే దెబ్బను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఎదురుగా నిలబడి అరగంటసేపు షాట్లు తినడానికి చేసింది కాదు.

మీ మరిదిగారి అబ్బాయి గోలీ కాదని మీరే రాశారు కాబట్టి అది మొదటి రకమే. ఇంకో చిన్న పని చేయండి. హెల్మెట్ వెనకభాగంలో చిన్న స్టిక్కర్ ఉందేమో చూడండి. హెచ్ఈసీసీ అని అమెరికా వాళ్ళ ధ్రువీకరణ ముద్ర ఉంటే దాని మీద గడువు కూడా ఉంటుంది. తయారైన నాటినుంచి ఆరున్నరేళ్ళు దాని లెక్క. గడువు దాటితే ఐస్ హాకీలోనే దాన్ని ధ్రువీకరణ లేనిదిగా చూస్తారు. పిల్లలు హెల్మెట్లను ఒకరి తర్వాత ఒకరు వాడతారు కాబట్టి చాలాసార్లు ఆ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మీ మరిదిగారు ప్రేమతో పంపించారు, దాచుకోండి. బరంపురం, విశాఖ వైపు స్కేటింగ్ నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే, తేదీ దాటకపోతే, తలకు సరిపోతే వాళ్ళకు పనికొస్తుంది.

మెడ పట్టీ సంగతి వేరే. అది స్కేటు బ్లేడు తగిలి మెడ తెగకుండా ఉండటానికి చేసిన గుడ్డ. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు మ్యాచ్ మధ్యలో స్కేటు బ్లేడు మెడకు తగిలి చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన టోర్నమెంట్లలో ఈ పట్టీని తప్పనిసరి చేసింది. అంటే కోతను ఆపడమే దాని పని. దెబ్బను మింగే మందపాటి ఫోమ్ దానిలో ఉండదు. వేళ్ళతో నొక్కి చూడండి, కింద మీ వేలే తగులుతుంది. బంతి గొంతుకు తగిలితే అది ఆపలేదు. గోలీ త్రోట్ గార్డ్ వేళ్ళతో నొక్కినా అటువైపు తెలియనంత మందంగా ఉంటుంది.

హెల్మెట్ ఎలా చూడాలి

దీనికి ఎక్కువ టైం పెట్టండి. ముందు టైలర్ టేపుతో పాప తల చుట్టుకొలత తీసుకోండి, కనుబొమలకు ఒక వేలు పైన. ఆ అంకెకు సరిపోయే సైజు హెల్మెట్ తీసుకుని తలకు పెట్టండి. ముందు అంచు కనుబొమలకు ఒకటి రెండు వేళ్ళ పైన ఉండాలి. గడ్డం గడ్డంపట్టీలో కూర్చోవాలి, కింద వేలాడకూడదు. తర్వాత హెల్మెట్‌ను మీ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. హెల్మెట్‌తోపాటు నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ తిరిగి, చర్మం అక్కడే ఉండిపోతే అది వదులు.

ఆ తర్వాత పాపను బాగా ముందుకి వంగి తలను కిందకి విదిలించమనండి. కళ్ళ మీదికి జారిందంటే ఆ హెల్మెట్ పనికిరాదు. కొందరు లోపల తువ్వాలు మడిచి పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. చెమటకు తువ్వాలు జారి ఒక పక్కకి వెళ్ళిపోతుంది, హెల్మెట్ ఒరుగుతుంది. మా దగ్గర ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. డైవ్ కొట్టగానే హెల్మెట్ కళ్ళ మీదికి వచ్చేసింది. ఆమె బంతిని ఆపింది గానీ, అది తిరిగి ఎటు వెళ్ళిందో చూడలేకపోయింది. రెండో షాట్ చెవి వెనక, హెల్మెట్ లేచిపోయిన చోట తగిలింది. వాపు తప్ప ఇంకేం కాలేదు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. మన స్కూళ్ళలో రెండు జడలు వేసి, పైకి మడిచి రిబ్బన్లతో కడతారు కదా. ఆ ముడి సరిగ్గా చెవుల వెనక, హెల్మెట్ లోపలి ఫోమ్ తగిలే చోటే వస్తుంది. దానివల్ల హెల్మెట్ రెండు పక్కలా బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది గానీ, వెనక ఖాళీ ఉంటుంది. ఆటలో ముడి జారగానే హెల్మెట్ ఊగుతుంది. ఆట రోజున ఒకే జడ, మెడ కిందకి, మడవకుండా వేయండి. క్లిప్పులు, పిన్నులు తీసేయండి. సైజు చూసేటప్పుడు కూడా అదే జడతో చూడండి. ఇంట్లో తల విరబోసి చూసి, మైదానంలో రెండు జడలతో పెట్టుకుంటే ఆ కొలత లెక్కలోకి రాదు.

హెల్మెట్ పరిస్థితి చూడటానికి లోపలి ఫోమ్ ముక్కలు తీసి, డొప్పను వెలుతురుకు పట్టుకోండి. పగుళ్ళు మొదట స్క్రూ రంధ్రాల చుట్టూ వస్తాయి, గోటితో గీస్తే తెలుస్తాయి. స్టిక్కర్లు అంటించి ఉంటే పీకేసి చూడండి, కింద పగులు దాగి ఉండొచ్చు. తుడవడానికి థిన్నర్, పెట్రోల్ వాడకండి, ప్లాస్టిక్ పెళుసవుతుంది. సబ్బునీళ్ళు చాలు. జాలీకి ప్రతి అడ్డకమ్మీ నిలువుకమ్మీ కలిసే చోట రూపాయి బిళ్ళతో తట్టండి. వెల్డింగ్ విడిపోయిన చోట గలగలమంటుంది. కమ్మీ లోపలికి వంగిపోయి ఉంటే తిన్నగా చేయించొద్దు, జాలీ మార్చండి. ఒకసారి వంగిన కమ్మీ అక్కడే మళ్ళీ లొంగుతుంది.

స్క్రూల విషయంలో నాకు ఒక అనుభవం ఉంది. ఒక టోర్నమెంట్‌కు వెళ్ళే ముందు జాలీ బోల్టు ఊడిపోతే, ఒక అబ్బాయి వాళ్ళ ఇంట్లో వాళ్ళు హార్డ్‌వేర్ షాపులో దొరికిన బోల్టు బిగించారు. బయటికి చూస్తే చక్కగా ఉంది. బోల్టు పొడవు ఎక్కువై, మొన లోపలికి పొడుచుకుని వచ్చింది, దాని మీద ఫోమ్ అంటించేశారు. మ్యాచ్‌లో బంతి తగలగానే నుదుట మూడు కుట్లు పడ్డాయి. బోల్టు మార్చాల్సి వస్తే పాతదాన్ని తీసుకెళ్ళి అదే పొడవుది తెచ్చుకోండి. బిగించాక లోపల మీ వేలు పెట్టి తడిమి చూడండి.

కిక్కర్లు: "పెద్దదైతే రెండేళ్ళు వస్తుంది" అన్న మాటకు జవాబు ఇక్కడుంది

చాలా ఏళ్ళ క్రితం పదకొండేళ్ళ అబ్బాయికి నేనే పెద్ద సైజు కిక్కర్లు ఇచ్చాను. వేరేవి లేవు. బూటు చుట్టూ గుడ్డ కుక్కి, పట్టీలు చివరి రంధ్రం దాకా లాగి కట్టాను. వాడు నాలుగైదు షాట్లు బాగా ఆపాడు. తర్వాత కుడికాలితో పక్కకి తన్నినప్పుడు కిక్కర్ బూటు మీద గిర్రున తిరిగింది. ఫోమ్ లోపలి పక్కకి పోయింది, చీలమండ ఎముక బయటపడింది, బంతి అక్కడే తగిలింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. ఏ కిక్కరూ లేకపోతే వాడు కాలు అలా అడ్డం పెట్టేవాడు కాదు. కాలికి రక్ష ఉందని నమ్మి పెట్టాడు. వదులు కిట్‌తో ఉన్న ప్రమాదం ఇదే, పిల్లలు దాన్ని నమ్ముతారు. ఆ రోజు తర్వాత సైజు లేకపోతే గోల్‌లో నిలబెట్టను, మ్యాచ్ వదులుకున్నా సరే.

కాబట్టి పాప ఆడే బూట్లు వేసుకునే కిక్కర్లు చూడండి, చెప్పులతోనో వట్టి కాలితోనో వద్దు. బూటు ముందుభాగం కిక్కర్ చివరిదాకా రావాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పట్టీల బక్కిళ్ళు బయటి పక్కకి రావాలి. లోపలి పక్కకి వస్తే కుడి ఎడమ మార్చి కట్టారన్నమాట. ఇది ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చేస్తారు. తర్వాత మీరు నేల మీద కూర్చుని, కిక్కర్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కకి తిప్పడానికి గట్టిగా ప్రయత్నించండి. పాదం మొత్తం తిరగాలి, కిక్కర్ ఒక్కటే తిరగకూడదు.

కిక్కర్ పాతదైతే ముందు చూడాల్సింది అడుగున ఉన్న పట్టీ. మొరం మీద అది చాలా త్వరగా అరిగిపోతుంది. పై నుంచి కొత్తగా కనిపించే కిక్కర్‌కు అడుగున పట్టీ నూలుపోగులా వేలాడటం నేను చాలాసార్లు చూశాను. ఇది మాత్రం తేలిగ్గా బాగుచేయించుకోవచ్చు. బజారులో చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర స్కూల్ బ్యాగ్ బెల్టుకు వాడే నైలాన్ పట్టీ వేయించండి. కుట్టు రెండు వరసలు వేయమనండి. మేకు కొట్టనివ్వకండి.

కాళ్ళ ప్యాడ్ల గురించి క్లుప్తంగానే చెప్తాను. కిక్కర్ ముందు వేసి, దాని మీద ప్యాడ్ కూర్చోబెట్టాలి. కింద అంచు కిక్కర్ మీద ఖాళీ లేకుండా దిగాలి. ప్యాడ్‌లో మోకాలికి ఉన్న మడత పాప మోకాలికి ఎదురుగా రావాలి. మడత మోకాలి కంటే పైకి వస్తే ప్యాడ్ పెద్దది, వంగినప్పుడు పై అంచు తొడకు గుచ్చుకుని పాప నిటారుగా నిలబడటం మొదలుపెడుతుంది. అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం. రూల్ ప్రకారం కాలికి కట్టిన ప్యాడ్ వెడల్పు 300 మిల్లీమీటర్లు దాటకూడదు. చేతి గార్డులకైతే వెడల్పు 228, పొడవు 355 మిల్లీమీటర్లు. మామూలు కంపెనీ కిట్లు ఈ లోపే ఉంటాయి, ఊళ్ళో కుట్టించినవైతే టేపు పెట్టి చూసుకోండి.

చెస్ట్ గార్డ్, త్రోట్ గార్డ్, పెల్విక్ గార్డ్

చెస్ట్ గార్డ్‌ను నిలబడి చూస్తే అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. పాపను గోల్‌లో నిలబడే భంగిమలో, మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు పెట్టి నిలబడమనండి. పొడవు ఎక్కువైతే చెస్ట్ గార్డ్ కింద అంచు తొడలకు తగిలి పైకి లేస్తుంది, త్రోట్ గార్డ్‌ను నెడుతుంది, అది హెల్మెట్ గడ్డంపట్టీని నెడుతుంది, హెల్మెట్ వెనక్కి ఎగురుతుంది. ఒక్క చెస్ట్ గార్డ్ సైజు తప్పితే మూడు తప్పుతాయి. పొడవు తక్కువైతే పక్కటెముకల కింద ఖాళీ వస్తుంది. ఆ భంగిమలో ఉండగా త్రోట్ గార్డ్‌కూ చెస్ట్ గార్డ్‌కూ మధ్య మీ వేలు పెట్టి చూడండి, మెడ చర్మం తగలకూడదు. తల పైకెత్తి చూడమన్నప్పుడు కూడా తగలకూడదు.

పెల్విక్ గార్డ్ గురించి మీరు అడగలేదు. మన ఊళ్ళలో ఎవరూ అడగరు. టీచర్ మగవారైతే పాప చెప్పదు, ఆయనా చెప్పరు, అలా అది లేకుండానే ఆడేస్తారు. ఆడపిల్లలకు వేరే ఆకారంలో వస్తుంది, అబ్బాయిల గార్డ్ వాళ్ళకు కుదరదు. దీన్ని మాత్రం కొత్తదే కొనండి, ఎవరూ వాడినది తీసుకోకండి. మొత్తం కిట్‌లో తక్కువ ఖర్చయ్యే వాటిలో ఇదొకటి. ఇంట్లోనే, మీరే దగ్గరుండి వేయించి, పాపను కూర్చోమని, లేవమని, కాళ్ళు చాపి పక్కకి సాగమని చూడండి. ఎక్కడైనా ఒరుసుకుంటే లోపల సైకిలింగ్ షార్ట్ వేయండి. నెలసరి రోజుల్లో ఏం చేయాలో కూడా ఆ మాటల్లోనే చెప్పేయండి, ఆ నాలుగు రోజులూ గార్డ్ వదిలేసి ఆడే పిల్లల్ని నేను చూశాను.

పాత ఫోమ్ బతికుందో లేదో

స్కూల్ కిట్ విషయంలో అసలు ప్రశ్న ఇదే. ప్యాడ్లు, కిక్కర్లు, చేతి గార్డులు గట్టి ఫోమ్‌తో చేస్తారు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. కొంచెం దిగి వెంటనే పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోతే ఫోమ్ చచ్చింది. అసలు దిగకుండా చెక్కలా ఉంటే ఎండకు గట్టిపడింది, అలాంటిదాన్ని కొంచెం వంచితే మడత దగ్గర తెల్లగా పగుళ్ళు కనిపిస్తాయి.

ఇంకో పరీక్ష నాకు బాగా నచ్చుతుంది. ప్యాడ్‌ను నేల మీద పరిచి, ఛాతీ ఎత్తు నుంచి హాకీ బంతిని దాని మీద వదలండి. ఎంత ఎత్తు లేచిందో గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టండి. ప్యాడ్ పైన, మధ్యన, కింద, అలాగే రెండో ప్యాడ్ మీద కూడా చేయండి. మంచి ఫోమ్ మీద బంతి ఉత్సాహంగా ఎగురుతుంది. చచ్చిన చోట ధప్‌మని అక్కడే కూలబడుతుంది. సాధారణంగా మోకాలి కింద లోపలి పక్క ముందు చస్తుంది, దెబ్బలు ఎక్కువ తగిలేది అక్కడే. పిల్లలను కూడా ఈ పరీక్షలో కూర్చోబెట్టండి. మా పిల్లలు గీతలు పెట్టి, ఏ ప్యాడ్ ఎవరికన్నది వాళ్ళే తేల్చుకుంటారు.

స్టోర్ రూమ్ కిట్ అంటే ఎలుకలు కూడా లెక్కలో ఉంటాయి. పై రెక్సిన్ బాగుండి లోపల ఫోమ్ ఖాళీ అయిపోయిన చెస్ట్ గార్డ్ ఒకటి ఇప్పటికీ మా గదిలో ఉంది, కొత్త పిల్లలకు చూపించడానికే ఉంచాను. అరచేత్తో అంగుళం అంగుళం నొక్కుకుంటూ వెళ్ళండి. బాగున్న కిట్‌ను నేల మీద పెట్టకుండా గోడకు మేకు కొట్టి వేలాడదీయమని స్కూల్లో చెప్పండి. వానాకాలంలో ఆట అయ్యాక బ్యాగులోంచి బయటికి తీసి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టాలి. మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే వాసన పోతుంది గానీ ఫోమ్, వెల్క్రో పాడవుతాయి. హెల్మెట్ లోపలి ఫోమ్ పదిమంది వాడినదైతే నుదుట తామర, కురుపులు వస్తాయి. విడిగా దొరికితే ఆ ఫోమ్ మార్చేయండి, లేకపోతే పాపకు సొంతంగా ఒక పల్చటి కాటన్ గుడ్డ తలకు కట్టి, దానితోనే సైజు చూడండి.

డబ్బు ఎక్కడ ముందు పెట్టాలి

భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన శ్రీజేష్ కిట్ కోసం వాళ్ళ నాన్న ఇంట్లో ఆవును అమ్మిన సంగతి చాలామంది వినే ఉంటారు. గోలీ కిట్ ఖరీదు ఏ కాలంలోనూ తల్లిదండ్రులకు తేలిక కాలేదు. మీరు ఇప్పుడే అంతా కొనక్కర్లేదు. నా వరస ఇది: మొదట గోలీ హెల్మెట్, త్రోట్ గార్డ్, పెల్విక్ గార్డ్. తర్వాత పాప సైజు కిక్కర్లు, కొత్తవే అక్కర్లేదు. ప్యాడ్లు, చెస్ట్ గార్డ్, మోచేతి గార్డులు, చేతి గార్డులు పైన చెప్పిన పరీక్షల్లో నిలిస్తే స్కూల్‌వి వాడుకోండి. జలంధర్, మీరట్‌లో తయారయ్యే పిల్లల సైజులు మన ప్రాక్టీసుకు సరిపోతాయి, విదేశీ బ్రాండే కావాలని ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు "జూనియర్" అన్న ఒక్క మాట చూసి కొనకండి. ఒక్కో కంపెనీ జూనియర్ ఒక్కో కొలత. నేల నుంచి మోకాలి మధ్య వరకు, బూటు సైజు, తల చుట్టుకొలత, ఛాతీ చుట్టుకొలత ఈ నాలుగూ రాసి పెట్టుకుని, సైజు పట్టికతో పోల్చి చూడండి. పట్టిక పెట్టని షాపు దగ్గర కొనొద్దు.

ఇవి కాక దంతాలకు మౌత్‌గార్డ్ ఒకటి. వేడినీళ్ళలో మెత్తబరిచి పంటితో కొరికి ఆకారం తెచ్చుకునేది చాలు. ఈ వయసులో పళ్ళు ఇంకా మారుతుంటాయి కాబట్టి వదులైతే మళ్ళీ కొత్తది చేసుకోవాలి.

ఈ కొలతలు ఒక్కసారి చూసి వదిలేయకండి. పన్నెండేళ్ళ పిల్లలు వేసవి సెలవుల్లోనే ఒక సైజు బూటు దాటేస్తారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి చూస్తే సరిపోతుంది. మధ్యలో కొత్త బూట్లు కొన్నారంటే ఆ రోజే కిక్కర్లు కూడా చూడాలి.

చివరిగా, అన్నీ విడివిడిగా సరిపోయాక మొత్తం కిట్ వేసి, పెరట్లో పది నిమిషాలు ఆడించండి. మీరే ముందు మెత్తటి టెన్నిస్ బంతి విసరండి. పక్కకి పడమనండి, లేవమనండి, వెనక్కి పరిగెత్తమనండి. ప్రతిసారీ లేచాక ఏది సర్దుకుంటుందో గమనించండి. పాప చేయి మాటిమాటికీ హెల్మెట్ దగ్గరికో, ఎడమ ప్యాడ్ దగ్గరికో వెళ్తుంటే సైజు తప్పింది అక్కడే. "బాగుందా?" అని అడిగితే మాత్రం అన్నిటికీ బాగుందనే అంటుంది. టీమ్‌లోంచి తీసేస్తారని భయం. నేనూ అలాగే అన్నాను, గోరు ఊడినప్పుడు.

పాప బూటు సైజు, నేల నుంచి మోకాలి ఎత్తు ఇక్కడే రాయండి. మా స్కూల్లో నాలుగో నంబర్ బూటుకు సరిపోయే కిక్కర్లు ఒక జత ఖాళీగా ఉన్నాయి, అడుగు పట్టీలు పోయిన నెలే మార్పించాను. మీ పాపకు సరిపోతాయంటే హెడ్మాస్టర్‌గారిని అడిగి ఈ సీజన్‌కు ఇప్పిస్తాను. ఎవరైనా గుణుపురం పాసింజర్‌లో వచ్చేటప్పుడు తీసుకెళ్ళొచ్చు.